పులిసిన ముద్ద

వియన్నా,
మార్చి 1924

డాక్టర్ ట్రాట్నిగ్ గారికి,

కుశల ప్రశ్నలు రాసే ఓపిక నాకు లేదు.

సుఖవ్యాధి మెదడుకెక్కి, తానే చక్రవర్తినంటూ మా రొట్టెల కొట్టుకొచ్చిన వాళ్లందర్నీ దండం పెట్టమని సతాయిస్తుంటే మా ఆయన ఇగ్నాట్స్‌ను మీ ఆసుపత్రిలో చేర్చాను. ఎవరో మలేరియా రోగి నెత్తురు సూదితో ఆయనకు ఎక్కించారు. ఆ జ్వరం వేడికి పాత జబ్బు చస్తుందన్నారు. తర్వాత క్వినైన్ ఇచ్చి జ్వరం దించేస్తామన్నారు.

సగం మాట నిలబెట్టుకున్నారు. ఆదివారం ఆయన నన్ను గుర్తుపట్టాడు. "చక్రవర్తీ లేదు, గాడిద గుడ్డూ లేదు. పొయ్యిలో పడ్డట్టుంది, ఆర్పవే!" అని ఏడ్చాడు. మరి క్వినైన్ ఎందుకివ్వరని నర్సును నిలదీశాను.

"ఇంకో రోగి రావాలమ్మా. ఈలోగా ఈయన జ్వరం తగ్గిపోతే, వాళ్లకు ఎక్కించడానికి నెత్తురెక్కడిది?" అంది.

మా కొట్లో రోజూ ఒక పులిసిన పిండి ముద్ద దాచి, మర్నాటి పిండి పొంగడానికి అందులో కలుపుతాం. మీరు నా మొగుణ్ణి ఆ ముద్దను చేశారు. పిండికి నొప్పి తెలియదు డాక్టర్ గారూ, ఆయనకు తెలుస్తోంది.

మీకు కావలసింది ఇంకో రోగే కదా? ఆయన అంటించిన జబ్బు నా ఒంట్లోనూ ఉందని చెప్పింది మీరే. సోమవారం వస్తున్నాను. ఆయన నెత్తురు నాకెక్కించండి. నా కళ్లెదుటే ఆయన చేత క్వినైన్ మింగించండి.

ఆ తర్వాత నన్నూ ముద్దలా దాచుకోవాలని చూశారో, ఇన్నేళ్లూ పిండి పిసికి రాటుదేలిన చేతులివి, గుర్తుంచుకోండి.

ఇగ్నాట్స్ పెళ్లాం