కొబ్బరి చిప్ప ఎత్తొద్దు

అమ్మా వైశాలీ,

ముందు ఇది చదివి, తరువాతే అక్వేరియం దగ్గరికి వెళ్ళు. అందులోని కొబ్బరి చిప్ప ఎత్తకు. ఆడచేప ఇన్నాళ్ళూ కనబడకపోయేసరికి చిప్ప కింద చచ్చిపోయిందనీ, సాయంత్రం వచ్చి తీసేస్తాననీ పొద్దున ఏడుస్తూ వెళ్ళావు. అది చావలేదు. పురుడు పోసుకుంది.

నువ్వు వెళ్ళాక అద్దం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎండెక్కాక బయటికి వచ్చింది. ఒళ్ళంతా పసుపు పూసినట్టుంది. వెనకాల గుంపుగా నువ్వుగింజలంత పిల్లలు. మేత వేస్తే తాను మింగలేదు. నమిలి పిల్లల మధ్య ఉమ్మింది. అది చూశాకే నేనూ అన్నం తిన్నాను.

మగచేపను దగ్గరికి రానివ్వక రెక్కలు చిరిగేలా కొరికింది. దాన్ని అక్వేరియం నీళ్ళతోనే బకెట్‌లో వేసి, ఎగరకుండా పైన జల్లెడ మూశాను. మావాడు సుహాస్ వచ్చి, "నాన్న దాన్నెందుకు వెళ్ళగొట్టాడు, పాపం!" అంటాడు. పురిటింట్లో మొగుడికేం పనని చెప్పు. మళ్ళీ లోపల వెయ్యనివ్వకు. ఆ గదిలో దోమల మందు కూడా కొట్టనివ్వకు, అక్వేరియంలోని రొయ్యలు తట్టుకోలేవు.

నేను ఢిల్లీ సాకేత్‌లో కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. తిరిగి ఫరీదాబాద్ చేరేసరికి చీకటి పడుతుంది.

మామయ్య

ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్నాను. ఆఫీసులో అందరి ముందూ మళ్ళీ ఏడుస్తావని మానేశాను. ఇంట్లో అయితే పరవాలేదు.