కల్ అంటే ఏ రోజు

మిర్యాలగూడ
9 ఆగస్టు 1949

చిరంజీవి గోపాల్‌కు,

ఈసారి ఆశీర్వాదం రాయడం లేదు. కావాలంటే నువ్వే రాసుకో. నా బదులు నువ్వు మాట్లాడటం నీకు బాగా అలవాటైంది కదా.

మొన్న లచ్చిరాం బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. యంత్రాల నవలలూ గ్రహాల నవలలూ చదివే నీ ఆదివారం మండలిలో చేరినప్పటి నుంచి అతనికి పత్తి బేరం కంటే చంద్రుడి సంగతులే ఎక్కువయ్యాయి. కోదాడలో నూనె మిల్లు పైగదిలో మీరు చేసిన ఉత్సవమంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. మీరు పైకి చదివిన నవలకు అట్ట చిరిగి రచయిత పేరు తెలియదు కాబట్టి, ఆయన కోసం ఖాళీ కుర్చీ వేసి దానికి దండ వేశారట. ఆ మనిషి బతికే ఉంటే? బతికున్నవాడి కుర్చీకి దండ వేస్తారా ఎవరైనా? చంద్రుడి మీదికి పోయేవాడికి చొక్కా ఎలా కుట్టాలో దర్జీ మల్సూర్ బొగ్గుతో గోడ మీద గీశాడట. గుండీలు ముందా వెనకా అని గంటసేపు పోట్లాడుకున్నారట. అక్కడిదాకా నాకు నవ్వే వచ్చింది. తర్వాత కథానాయకుడి సంగతి ఎత్తి లచ్చిరాం అన్నాడు: "ఆఖరుకు గాయన 'నన్ను రేపట్ల ఇడిసిపెట్టు' అన్నడు సూడు అక్కా, గాడ నాకు కండ్లల్ల నీళ్లచ్చినయి."

రేపట్లోనా?

గోపాల్, ఆ నవలను ఉర్దూ నుంచి తెలుగులోకి రాసింది నేను. అత్తమ్మ కునుకు తీసే మధ్యాహ్నాల్లో, నాలుగు నెలలు రాశాను. రోజుల మధ్య తిరిగే యంత్రం చేసిన గడియారాల మనిషి కథ అది. యంత్రానికి ఇక ఒక్క ప్రయాణానికే బలం మిగిలినప్పుడు అతను స్నేహితుడితో "ముఝే కల్ మే ఛోడ్ దో" అంటాడు, నన్ను కల్‌లో విడిచిపెట్టు అని. ఉర్దూలో నిన్నకూ రేపుకూ కల్ అన్న మాటొక్కటే. పక్క మాటను బట్టి ఏ రోజన్నది తెలుసుకోవాలి. ఈ వాక్యంలో పక్క మాటలేవీ సాయం చేయవు. నేను 'నిన్న' అని రాశాను. ఎందుకో నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

నాకు ఉర్దూ నేర్పింది మీ బావ. పగలంతా రైతులకు అర్జీలు రాసి ఇంటికొచ్చి, ఈ నవలలు నా చేత పైకి చదివించేవాడు. తప్పు చదివితే నవ్వేవాడు. "గీ భాషల నిన్నా రేపూ ఒక్కటే ఊర్మిళా, గందుకే వీళ్లకు గిసుంటి కథలు తోస్తయి" అనేవాడు. ఆఖరి అధ్యాయం దసరా తర్వాత చదువుకుందామన్నాడు. జ్వరం ఆయన్ను దసరా దాకా ఉండనివ్వలేదు. ఆ అధ్యాయం నేనొక్కదాన్నే చదివాను. నిన్నట్లో ఆయన ఉన్నాడు. రేపట్లో నాకెవరున్నారు? పుస్తకమంతా మీ మండలికి ఇచ్చాను, ఆ ఒక్క మాట ఆయన కోసం రాసుకున్నాను. అదీ ఉండనివ్వలేకపోయావా?

దాన్ని కొట్టేసి మార్చావు. ఎందుకు మార్చావో ఇవాళ తెలిసింది. సూర్యాపేటలో ఆడపిల్లల బడి నుంచి నాకు పిలుపొచ్చింది. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన పంతులమ్మ కావాలట. నేను దరఖాస్తే పెట్టలేదు. 'మా అక్కకు రేపు కావాలి' అన్నట్టు పదిమంది ముందు చదివేసి, నా పేరున దరఖాస్తు నువ్వే పంపేశావు. అత్తమ్మ ఆ కాగితం ఏమిటని అడిగితే చెప్పాను. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. నా బతుకు మీ మండలి నవల కాదు, ముగింపు మీకు నచ్చినట్టు రాసుకోవడానికి.

నా కాగితాలు వెంటనే పంపించు. మీకు ఇంకో పుస్తకం రాయను.

ఊర్మిళ

కోదాడ
13 ఆగస్టు

అక్కకు గోపాల్ నమస్కారాలు.

దరఖాస్తు పెట్టింది నేనే. తిట్టు, పడతాను. అడిగితే వద్దంటావని అడగలేదు. కానీ మాట మాత్రం నేను మార్చలేదు. ఆఖరి కాగితం ఈ కవరులో పెట్టాను, మిగతావి లచ్చిరాం తెస్తాడు. ముందు ఆ కాగితం చదివాను, ఆ తర్వాతే దరఖాస్తు రాశాను. నోటితో చెప్పలేక అందులో చెప్పావనుకున్నాను.

కుర్చీ మీది దండ తీసేశాం.

నీ తమ్ముడు
గోపాల్

మిర్యాలగూడ
16 ఆగస్టు

చిరంజీవి గోపాల్‌ను అక్క దీవించి రాస్తున్నది.

కాగితం చూశాను. 'రేపు' అనే ఉంది. రాత నాదే. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. 'నిన్న' అని రాశానని ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెట్టేదాన్ని. ఈ మాట ఎప్పుడు రాశానో నాకు తెలియదు. చాలాసేపు నా చేతి మీదే కోపం వచ్చింది. నిజానికి నా కోపం నీ మీదా కాదు, చేతి మీదా కాదు. దసరా తర్వాత చదువుకుందామని చెప్పి, ఆగకుండా పోయిన మనిషి మీద. ఆయన మీద కోపగించుకోవడం పాపమని పది నెలలు నోరు మూసుకున్నాను. నిన్న తలుపేసుకుని ఆయన్ను నోరారా తిట్టాను.

అత్తమ్మకు వినపడింది. తలుపు కొట్టి లోపలికొచ్చి, ఆ కాగితంలో ఏముందని అడిగింది. చదివి వినిపించి, ఆ మాటకున్న రెండు అర్థాలూ చెప్పాను. ఆమె నా పక్కన కూర్చుంది. కొడుకు పోయాక నా భుజం మీద చెయ్యి వేయడం అదే మొదలు.

"నిన్నట్ల కూసునేటందుకు నేనొక్కదాన్ని సాలు బిడ్డా. నువ్వు పో" అన్నది.

శుక్రవారం పొద్దుటి బస్సుకు సూర్యాపేట వెళ్తున్నాను.

నీ అక్క
ఊర్మిళ