కేకు గిన్నెకి రాసిన వెన్న

బియ్యం జావ పొయ్యి మీద ఉంది, పాప లేవగానే గోరువెచ్చగా తాగించండి. మిగిలిన కేకు చెత్తబుట్టలో పడేశాను, అయ్యో అని తీసి దాచకండి. కేకు గిన్నె సబ్బు పెట్టి రెండుసార్లు తోమండి.

గోధుమ లేదు, పాలు లేవు, అంతా నేనే చేశానని నిన్న పక్కింటిదాకా చాటింపు వేశారు. బియ్యప్పిండి తెచ్చారు, కొబ్బరిపాలు తీశారు, బానే ఉంది. తీరా అడుగంటకూడదని గిన్నెకి వెన్న రాసి, పైన మైదా చల్లారు! మైదా ఏ చెట్టుకి కాస్తుందనుకున్నారు? అదీ గోధుమే మహానుభావా. పాపకి గోధుమా పాలూ పడవని, వెన్న కూడా వద్దని డాక్టరు చెబుతుంటే గంగిరెద్దులా తలూపింది మీరే కదా. పైగా "చిటికెడేగా" అని నాకే ఎదురు చెప్పారు. ఆ చిటికెడుకే పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది.

చేసిన ఘనకార్యం చాలు. నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా జావ వేడి చేయడం తప్ప ఇంకే పాండిత్యమూ చూపించకండి.

అన్నట్టు, మీరు మైదా చల్లడం పాప చూసిందట. మరెందుకు తిన్నావే అంటే, "నాన్న నాకోసం ఎప్పుడూ ఏదీ వండలేదుగా అమ్మా" అంది.