ఉగాది హాల్లో డేనిష్ మేజర్

నోవై, ఫిబ్రవరి 2009

మామయ్యకు కావ్యశ్రీ నమస్కారాలు.

ఇక్కడ మంచు మోకాళ్లదాకా ఉంది, నేను క్షేమం. మీ గ్రూప్ మెయిల్‌లో ఏం రాసినా జెర్సీ సిటీ అంతా చదువుతుంది కాబట్టి పోస్టులో పంపుతున్నాను.

నా థీసిస్ డేనిష్ ఇంటర్నేషనల్ బ్రిగేడ్ మీద. డెన్మార్క్ ఎంతో చిన్న దేశం. అయినా తొంభైలలో, పరాయి దేశాల్లో శాంతి నిలబెట్టడానికని ఒక బ్రిగేడ్, అంటే సైనిక దళం, కట్టింది. అందులో చాలామంది మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ, పిలుపొస్తే యూనిఫాం వేసుకునేవాళ్లు. బాల్కన్ దేశాల్లో కొట్టుకునేవాళ్ల మధ్యకు వెళ్లి నిలబడ్డారు. కొన్నేళ్ల క్రితం ఆ బ్రిగేడ్‌ని రద్దు చేశారు.

అందులో పనిచేసినవాళ్లు ఒక్కరైనా మాట్లాడకపోతే థీసిస్ ఒప్పుకోనంటున్నారు మా ప్రొఫెసర్. మే నెలాఖరులోపు అవ్వకపోతే డిగ్రీ లేదు, వీసా సంగతి మీకు తెలుసు. మీ బిల్డింగ్‌లో కూతురి దగ్గరుంటున్న మేజర్ మాడ్సెన్ ఆ బ్రిగేడ్‌లో చేశారు. నేను రాస్తే ‘చెప్పడానికేమీ లేదు’ అని జవాబిచ్చారు. మీరొకసారి మెల్లగా అడగరూ?

మీ మేనకోడలు,
కావ్యశ్రీ

తా.క.: మెల్లగా అంటే శాలువా, పూలదండ లేకుండా.

---

జెర్సీ సిటీ

చి. కావ్యకు చక్రపాణి మామయ్య ఆశీస్సులు.

కంప్యూటర్లు మానేసి చరిత్ర పట్టుకున్నావని మీ అమ్మ నెత్తీ నోరూ కొట్టుకున్నప్పుడు, నేను మాత్రం ‘మా కావ్య డిఫెన్స్ సైడ్’ అని అందరికీ చెప్పాను. ఇప్పుడు చూడు, నిజమే అయింది! ఎంత గర్వంగా ఉందో అమ్మలూ.

కొట్టుకునేవాళ్ల మధ్య నిలబడతారని రాశావే, అది చదవగానే ప్రాణం లేచొచ్చింది. మా తెలుగు సంఘం కిందటి ఉగాదికి రెండుగా చీలింది కదా. ఎందుకు చీలిందో గుర్తులేదు గానీ తప్పు మాత్రం విడిపోయి అవతలి సంఘం పెట్టిన కోటేశ్వరరావుదే. రెండు సంఘాలకూ పేరొకటే కావడంతో, ఈ ఉగాదికి హాలువాళ్లు ఒకే హాలు ఇద్దరికీ బుక్ చేసేశారు. ఇక రక్తపాతమే! వెంటనే మేజర్ గారి తలుపు తట్టి, ‘ఇక్కడ రెండు వర్గాలు, మధ్యలో మాటల్లేవు, మీరే దిక్కు’ అన్నాను. ప్రాణనష్టం ఎంతని అడిగాడు. ఇంకా మొదలవలేదన్నాను.

ఇట్లు,
మామయ్య

తా.క.: నువ్వు నా మేనకోడలివని చెప్పాను గానీ, నీ థీసిస్ మాట ఎత్తలేదు. ముందు ఈ గండం గట్టెక్కనీ.

---

నోవై

మామయ్యకు నమస్కారాలతో,

కొంప ముంచారు! మేజర్ గారు నాకు మెయిల్ చేశారు. రెండు వర్గాల భాషలేమిటని అడిగారు. రెండిటిదీ తెలుగే అన్నాను. మతం? ఒకటే. తిండి? ఒకటే. ‘అయితే ఇది చాలా ముదిరిన కేసు’ అని రాశారు.

ఆయన నిజంగా యుద్ధాలు చూసిన మనిషి. ఇదంతా ఉగాది హాలు కోసం గొడవని తెలిస్తే ఇక జన్మలో నాతో మాట్లాడరు. దయచేసి నిజం చెప్పేయండి.

భయంతో,
కావ్య

తా.క.: హాలు మ్యాప్ అడుగుతున్నారు. పంపకండి.

---

జెర్సీ సిటీ, ఉగాది మర్నాడు

చి. కావ్యకు,

మ్యాప్ పంపాను.

ఆయన పెట్టిన మొదటి షరతు, రెండు పక్షాలూ ఆయుధాలు అప్పగించాలని. మనకు ఆయుధాలెక్కడివే? ఆలోచించి మైకులు అప్పగించాం. హాలు మధ్యలో ఖాళీ జాగా వదలమన్నాడు. ఖాళీగా ఎందుకని భోజనాల బల్లలు అక్కడే వేశాం. పాత యూనిఫాం వేసుకుని పచ్చడి గిన్నె పక్కన నిలబడ్డాడమ్మా, ఏమి ఠీవి! పిల్లలు కూడా బుద్ధిగా వరసలో నిలబడ్డారు. ఆకలేస్తే ఎవరైనా మధ్యలోకి రావాల్సిందే. కోటేశ్వరరావూ నేనూ ఒకే గరిటె పట్టుకున్నాం. మేజర్ మా ఇద్దరినీ చూశాడు. వాడు నాకు వడ్డించాడు, నేను వాడికి వడ్డించాను. సంఘం ఒకటైపోయింది! అధ్యక్షుడిగా మేజర్ గారినే ఎన్నుకున్నారు.

అప్పుడాయన కళ్లు తుడుచుకుని, ‘గొడవ జరిగితే పేపర్లో వేస్తారు, జరగకుండా ఆపితే ఎవరికీ తెలియదు. మావాళ్లు ఆపినవాటి గురించి నన్నెవరూ అడగలేదు. మీ అమ్మాయిని ఫోన్ చేయమనండి’ అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఇట్లు, సంఘం మాజీ అధ్యక్షుడు,
మామయ్య

తా.క.: శాలువా కప్పాను. తిట్టకు.

---

నోవై, మే 2009

మామయ్యకు వేవేల నమస్కారాలు.

థీసిస్ పాసయింది! మేజర్ గారు వారం రోజులు రోజూ ఫోన్లో మాట్లాడారు. వాళ్ల కుర్రాళ్ల గురించి చెబుతుంటే ఆయన గొంతులో ఎంత గర్వమో! జెర్సీ సిటీ ఉగాదిని ‘బ్రిగేడ్ ఆఖరి మిషన్’ అని ఆయనే చివర్లో చేర్పించారు.

ఒక్క చిక్కు. అలవాటు ప్రకారం ఆయన ముందే రెండు పక్షాలనీ విడివిడిగా విచారించారట. కిందటి ఉగాదికి సుమతి ఆంటీ స్టేజి మీద పాడుతుంటే, మధ్యలో ఆపేసి భోజనాలు రెడీ అని మీరు అనౌన్స్ చేశారట. ఆంటీ ఏడ్చారట. వాళ్లాయన కోటేశ్వరరావు అంకుల్ ఆ రోజే బయటికెళ్లిపోయారు. సంఘం చీలింది మీ వల్లేనని మీ పక్షంవాళ్లు కూడా చెప్పారట మామయ్యా!

థీసిస్‌లోంచి మీ పేరు తీసేస్తానన్నాను. మేజర్ గారు ఒప్పుకోలేదు. తగువు పెట్టిన మనిషే తనంతట తాను వచ్చి తలుపు తట్టి, ఆపమని అడగడం ఆయన సర్వీసులో ఇదొక్కసారేనట. అందుకే పేరు ఉంచాను.

మీ గర్వానికి తగ్గ మేనకోడలు,
కావ్యశ్రీ

తా.క.: థీసిస్ మీకే అంకితమిచ్చాను. సుమతి ఆంటీకి ఒక ఫోన్ చేయండి, పాట పూర్తిగా పాడమని అడగండి.