సున్నాలు పెట్టిన కాగితం

మంగళవారం, పెద్దవంగర

మహబూబాబాద్ దవాఖానకు పోయి వచ్చేసరికి ఒళ్లంతా బరువెక్కింది. దిగులుకు మందులు మొదలైనప్పటి నుంచి డాక్టరమ్మ నెలనెలా నా చేత ఒక కాగితం నింపిస్తుంది. నిద్ర, ఆకలి, పని మీద మనసు, ఇలా తొమ్మిది ప్రశ్నలు. బాధ ఎక్కువైతే పెద్ద అంకె వేయాలి. రెండో నెలలో మొత్తం కాస్త తగ్గితే ఆమె ఎంత సంతోషపడిందో. నాకన్నా ఎంతో చిన్నదైన ఆ డాక్టరమ్మను నిరాశపరచబుద్ధి కాక, అప్పటి నుంచి అన్నిటికీ సున్నాలే పెడుతున్నాను.

ఈ రోజు ఆమె మాత్రలు తగ్గిస్తానంది. భయమేసింది.

"మేడం, గదంత అబద్ధం. రోజూ మూడింటికే మెలకువైతది. బడికి పోవుడే భారమైతంది," అన్నాను.

ఆమె కోప్పడలేదు. కొత్త కాగితం తీసి ఒక్కో ప్రశ్నా తనే చదివింది.

"అక్కా, గిది పరీక్ష కాదు. మీరు రాసిందాన్ని బట్టే నేను మందు మారుస్త. తప్పు రాస్తే నాకెట్ల తెలుస్తది?" అంది.

ఇన్నేళ్లుగా పిల్లల పేపర్లు దిద్దుతున్న నాకు ఆ మాట ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

ఈసారి అన్నిటికీ నిజమే చెబితే, మొత్తం మొదటి నెల కంటే పెరిగింది. మందు మార్చి, రెండు వారాలకే రమ్మంది. ఇదైనా పనిచేస్తుందో లేదో.

ఇంటికి రాగానే మా ఆయన "తగ్గిందా?" అని అడిగాడు.

"తగ్గలే. గిన్ని దినాలు నీకు గూడ అబద్ధమే చెప్పిన."



"నువ్వు మూడింటికి లేసి కూసునుడు నాకెరుకే," అన్నాడు. "ఏమనాల్నో తెల్వక నిద్రవోయినట్టు పండుకుంటున్న."