నిర్మల్ రంగు పూసిన ఓడలు

అన్నా,

నీ సంవత్సరీకానికి ఖానాపూర్ వచ్చినప్పటి నుంచి నా ఒళ్లు మండుతూనే ఉంది. నువ్వు బొంబాయి పాత సామాన్ల బజారులో వెతికి, ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పాతకాలపు లోహపు ఓడ బొమ్మల్నీ, వాటితోపాటు ఉన్న రేవు బొమ్మల్నీ అన్నిటినీ వదిన నిర్మల్ బొమ్మలకు రంగులేసే ఆయనకిచ్చింది. బూడిద రంగు యుద్ధనౌకకు ఇప్పుడు బంగారు అంచు వచ్చింది. లైట్‌హౌసు చుట్టూ పూలతీగ పాకింది. రేవు క్రేను మీద ఒక చిలక కూర్చుంది!

పెచ్చులూడినా సరే, అసలు రంగు మీద కుంచె పెట్టనివ్వనని నువ్వెంత మొత్తుకునేవాడివి!

"రంగు పోయి మరీ గరీబు లెక్క కనవడ్డయ్ తమ్మీ. మీ అన్న సంవత్సరీకానికన్న మంచిగుండాలె గదా" అంది వదిన.

భోజనాలకొచ్చిన వాళ్లంతా "మస్తుగున్నయ్" అంటుంటే విస్తరి ముందు పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

నువ్వున్నన్నాళ్లూ ఆ ఓడల్ని ముందు గదిలోకి రానివ్వని మనిషి, ఇప్పుడు టీవీ పక్కన అద్దాల అల్మారాలో పెట్టి కొంగుతో తుడుస్తోంది. ఆమెను నేనేమనగలను? తిట్టాల్సినవాడివి నువ్వు. ఒక్కసారి వచ్చి తిట్టిపో, అన్నా.

నీ తమ్ముడు