ఒక గడి ఖాళీ

రత్నంగారూ,

మీరు పోయి ఏడాది కావస్తోంది. ఈ వారం మన బెజవాడ ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చింది. కాలువలకు నీళ్ల లెక్క కట్టే మీ ప్రోగ్రాం దాని మీదికి ఎక్కించగానే ఆగిపోయింది. "పాతది పక్కన పడేసి కొత్తది రాయించుకుందాం," అన్నారు ఆఫీసరుగారు. నాకు మనసొప్పలేదు. రెండు రోజులు గడువు అడిగాను.

తప్పు పట్టుకున్నది శకుంతల, మీ కుర్చీలోకి వచ్చిన అమ్మాయి. మెమరీలో ఒక గడిలో ఊరి గుర్తు పెట్టి, జాగా వృథా కాకుండా ఆ పక్క గడిలోంచే నీళ్ల అంకె మొదలుపెట్టారు మీరు. అది బేసి నంబరు గడి. పాత మిషను అంకె ఎక్కడ మొదలైనా చదివేది. కొత్తది సరి నంబరు గడిలో మొదలైతేనే చదువుతుంది. ఏ మిషనైనా పాతదానిలాగే ఉంటుందని మీరు అనుకున్నారు, మేమూ అనుకున్నాం.

"ఊరి గుర్తు తర్వాత ఒక గడి ఖాళీగా వదిలేద్దామండీ," అంది శకుంతల.

"ఆయన కంకిపాడు రైతుబిడ్డమ్మా. గట్టు మీద కూడా కంది వేసే రకం. ఉంటే ఒప్పుకునేవారు కాదు," అన్నాను.

"ఎందుకు ఒప్పుకోరండీ? నీళ్లు పారాలిగా!"

వదిలాం. ప్రోగ్రాం నడిచింది. పాత లెక్కకూ కొత్త లెక్కకూ తేడా రాలేదు. ఆఫీసరుగారు కాగితం చూసి, "సరే, ఇదే ఉంచండి," అన్నారు.

ఇకమీదట మీ ప్రోగ్రాం శకుంతల చూసుకుంటుంది. మొదట్లో ఉన్న మీ పేరు కింద తన పేరు కూడా రాయమన్నాను. "నేను చేసిందేముందండీ," అని సిగ్గుపడింది. కానీ రాసింది.